పాత కాగితాలు – మీ ప్రశ్నలు: అనాథాశ్రమాల రికార్డులు ఎక్కడ వెతకాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాలూ మెయిల్సూ చూస్తే సగానికి పైగా ఒకటే విషయం. మా ఊళ్ళో ఫలానా అనాథ శరణాలయం ఉండేదట, దాని చరిత్ర కావాలని కొందరు, మా అమ్మమ్మ అక్కడే పెరిగిందని కొందరు, నేనే అక్కడ పెరిగానని కొందరు. అందుకని ఈసారి పొలం దస్తావేజుల ప్రశ్నలు పక్కన పెట్టి పూర్తిగా వీటికే జవాబులు రాస్తున్నాను. పేర్లు వెయ్యొద్దన్నవాళ్ళవే కాదు, ఎవరివీ వెయ్యలేదు.

ప్రశ్న: కాకినాడలో డిగ్రీ కాలేజీలో హిస్టరీ చెప్తానండి. మా ఊళ్ళో పాత అనాథాశ్రమాల చరిత్ర రాద్దామని ఉంది. గెజిటీర్ తిరగేస్తే ఏమీ దొరకలేదు. పాత సంస్థల వాళ్ళని అడిగితే "రికార్డులేం లేవండి, తుఫానులో పోయాయి" అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక లెక్చరర్, కాకినాడ

జవాబు: మాస్టారూ, గెజిటీర్లో లేదని ఆగిపోకండి. మీరు చూసింది 1907లో అచ్చయిన హెమింగ్వే గారి గోదావరి జిల్లా గెజిటీరే అయ్యుంటుంది, దానికి ముందు 1878లో హెన్రీ మోరిస్ గారు రాసింది కూడా ఉంది, రెండూ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగానే దొరుకుతాయి. కానీ అవి కలెక్టర్ల పని కోసం రాసిన పుస్తకాలండి, శిస్తులు, కాలవలు, రోడ్లు, పంటలు, జమీందారీలు వీటికే అందులో చోటు, పాతికమంది పిల్లలకి అన్నం పెట్టే ఒక పెంకుటిల్లు గురించి అందులో ఒక్క వాక్యం ఉంటే అదే ఎక్కువ.

నన్ను ఎవరు అడిగినా మొదట చెప్పే మాట ఒకటే. పిల్లల పేర్ల కోసం వెతకొద్దు, ముందు ఆ ఇంటికి బియ్యం ఎవరు పంపించారో వెతకండి. అనాథాశ్రమం వాళ్ళు తమ కాగితాలు దాచుకోలేకపోయుండొచ్చు, వానకి తడిసుంటాయి, చెదలు పట్టుంటాయి, బిల్డింగ్ మారినప్పుడు ఎవరో పారేసుంటారు. కానీ డబ్బిచ్చినవాడు లెక్క అడుగుతాడు, అడిగిన లెక్క రాసి పంపించాలి, ఆ లెక్క అందుకున్నవాడి దగ్గర ఒక కాపీ ఉంటుంది. ఇంతమంది పిల్లలు, ఇన్ని బస్తాలు, బట్టలకింత, వంటమనిషి జీతమింత, ఈ నెల ఇద్దరు కొత్తగా చేరారు, ఒకరు జబ్బుచేసి పోయారు. చరిత్ర అంతా అక్కడే ఉంటుందండి, కాకపోతే అది మీ ఊళ్ళో కాకుండా డబ్బు వచ్చిన ఊళ్ళో ఉంటుంది.

మన డెల్టాలో ఆ డబ్బు వచ్చిన దారులు నాలుగైదే. మిషన్లు, సంస్థానాలు, సంఘ సంస్కర్తల సమాజాలు, ఊళ్ళో వర్తకుల చందాలు, ఆ తర్వాత ప్రభుత్వ గ్రాంటు. మీ కాకినాడ సంగతే తీసుకుందాం. పిఠాపురం మహారాజా సూర్యారావు బహదూర్ గారు తన గురువు రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి ప్రభావంతో కాకినాడలో అనాథ శరణాలయం పెట్టించి సంస్థానం డబ్బుతో నడిపించారు. వెంకటరత్నం గారు 1904 నుంచి 1919 దాకా పిఠాపురం రాజా కాలేజీకి, అంటే పి.ఆర్. కాలేజీకి ప్రిన్సిపాల్, బ్రహ్మసమాజం మనిషి, దళితుల పిల్లల్ని కాలేజీలో చేర్చుకుని హాస్టల్లో పెట్టి చదివించిన మనిషి. కాబట్టి మీరు శరణాలయం తలుపు ఒక్కటే తట్టి ఊరుకుంటే సగం పనే అవుతుంది, పి.ఆర్. కాలేజీ పాత రికార్డులు, బ్రహ్మసమాజం రిపోర్టులు, పిఠాపురం సంస్థానం లెక్కలు ఈ మూడూ చూడాలి. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి జమీందారీలు పోయాయి కదా, అలా సంస్థానాల సొమ్ముతో నడిచిన సంస్థలన్నిటికీ అది పెద్ద కుదుపు. 1948కి ముందు ఎవరి డబ్బు, తర్వాత ఎవరి డబ్బు అని ఒక గీత గీసుకుని రెండు వైపులా విడివిడిగా వెతకండి, కలిపి వెతికితే గందరగోళం అయిపోతుంది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పెట్టారు, దానికి మొదటి అధ్యక్షురాలు మన దుర్గాబాయి గారే, రాజమండ్రిలో పుట్టి కాకినాడలో పెరిగిన మనిషి. స్వచ్ఛంద సంస్థలకి గ్రాంట్లివ్వడమే ఆ బోర్డు పనిగా ఉండేది, కాబట్టి 1953 తర్వాతి సంస్థ అయితే గ్రాంటు ఫైలు ఉండే అవకాశం గట్టిగా ఉంది.

రాజమండ్రి వైపు అయితే వీరేశలింగం గారితో మొదలుపెట్టాలి. ఆయన 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించిన సంగతి అందరికీ తెలుసు, ఆ తర్వాత వితంతు శరణాలయం నడిపారు, 1906లో హితకారిణీ సమాజం పెట్టి తన ఆస్తి దానికి రాసిచ్చారు. అది పిల్లల ఆశ్రమం కాదు నిజమే, కానీ చిన్న వయసులో దిక్కులేకుండా అయిపోయిన ఆడపిల్లల సంగతి వెతికేవాళ్ళు ఆ సమాజం కాగితాలు చూడకుండా ముందుకి పోకూడదు. పదేళ్ళకే వితంతువైన పిల్లని అనాథ అని కాకుండా వితంతువు అని రాశారు కాబట్టి ఆ పిల్లలు అనాథల లెక్కలో ఎక్కడా కనపడరు, అది నాకు ఎప్పుడూ బాధగా ఉండే విషయం.

ప్రభుత్వ కాగితాలకి మాత్రం మద్రాసు వెళ్ళాల్సిందే. ఎగ్మూర్‌లో తమిళనాడు ఆర్కైవ్స్ ఉంది, పాత మద్రాసు రికార్డ్ ఆఫీసు అదే, మద్రాసు ప్రభుత్వ కాలం నాటి కాగితాలు అక్కడ ఉన్నాయి. మీ కాలేజీ లెటర్‌హెడ్ మీద పరిచయ పత్రం పట్టుకెళ్ళండి. వెళ్ళే ముందు ఒక్క సంగతి కంఠతా పట్టండి, జిల్లాల పేర్లు. 1859లో గోదావరి జిల్లా ఏర్పడింది. 1904లో నరసాపురం, భీమవరం, తణుకు, ఏలూరు తాలూకాల్ని తీసుకెళ్ళి కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో వాటిని విడదీసి పశ్చిమ గోదావరి చేశారు, మిగిలింది తూర్పు గోదావరి అయింది. అంటే 1915లో భీమవరంలో ఉన్న ఒక సంస్థ గురించి గోదావరి ఇండెక్స్‌లో ఎంత వెతికినా దొరకదు, కృష్ణాలో చూడాలి. ఇది తెలీక ఉత్తచేతుల్తో తిరిగొచ్చిన రీసెర్చ్ స్కాలర్లు నాకు తెలిసినవాళ్ళే ఉన్నారు. 2022లో మళ్ళీ జిల్లాలు మారాయి కాబట్టి ఇప్పటి ఫైళ్ళు కాకినాడ, రాజమండ్రి, అమలాపురం, భీమవరం, ఏలూరు ఆఫీసుల మధ్య పంపకాలైపోయాయి, ఒకచోట లేదంటే ఇంకోచోట అడగండి.

ఊళ్ళోనే చూడగలిగినవి కూడా ఉన్నాయండి. కాకినాడ, రాజమండ్రి రెండూ 1866లో మున్సిపాలిటీలయ్యాయి, కౌన్సిల్ మినిట్స్‌లో పన్ను మాఫీ, కుళాయి కనెక్షన్, స్థలం కేటాయింపు లాంటి చిన్నచిన్న తీర్మానాల్లో సంస్థల పేర్లు తగుల్తాయి. సంస్థ బోర్డు మీద రిజిస్ట్రేషన్ నంబరు పక్కన ఏడాది రాసుంటుంది చూడండి, అది పట్టుకుని జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్తే సొసైటీ నియమావళి, మొదటి కమిటీ సభ్యుల పేర్లు అడగొచ్చు. స్థలం ఎవరిచ్చారో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు చెప్తుంది, ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) 1983 నుంచే వస్తుంది, అంతకుముందుది కావాలంటే ఆఫీసులో అప్లికేషన్ పెట్టి వెతికించుకోవాలి. పాత ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రికల్లో చందాలిచ్చినవాళ్ళ జాబితాలు వేసేవారు, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో పాత సంచికలు చూడండి, ప్రెస్ అకాడమీ వాళ్ళు స్కాన్ చేయించినవీ ఉన్నాయి.

తుఫానులో పోయాయన్న మాట కొట్టిపారెయ్యొద్దు, నమ్మేసి వచ్చెయ్యొద్దు. 1996 నవంబరు 6 తుఫాను కాకినాడనీ కోనసీమనీ ఎలా ఊడ్చేసిందో చూసినవాళ్ళం, 1986 ఆగస్టు వరదలో లంకలూ ఏటిగట్టు పక్క ఊళ్ళూ మునిగిపోయాయి, నిజంగానే చాలా పోయాయి. కానీ "ఏ గదిలో ఉండేవండి, పై అంతస్తులో ఏమన్నా ఉన్నాయా, ఆడిటర్ గారి దగ్గర పాత బ్యాలెన్స్ షీట్లు ఉన్నాయేమో" అని నెమ్మదిగా అడిగితే బీరువా వెనకాల నుంచి ఒక చందాల పుస్తకం బయటికొస్తుంది.

వీటన్నిటికంటే ముందు చెయ్యాల్సింది మనుషుల దగ్గరికి వెళ్ళడం. అక్కడ పెరిగి ఇప్పుడు డెబ్భై, ఎనభై ఏళ్ళున్నవాళ్ళు, వంట చేసినావిడ, వాచ్‌మన్ కొడుకు, పక్కింటివాళ్ళు. కాగితం వచ్చే ఏడాది చూసినా ఉంటుంది, వాళ్ళు ఉండకపోవచ్చు. అడిగేటప్పుడు "మీ జీవితం చెప్పండి" అని అడక్కండి, అలా అడిగితే ఎవరూ చెప్పలేరు. పొద్దున్నే ఎన్నింటికి లేపేవారు, ఏ బడికి నడిచెళ్ళేవారు, పండక్కి ఏం పెట్టేవారు, జ్వరం వస్తే ఎవరు చూసేవారు, బియ్యం బండి ఎవరిది అని అడగండి. బియ్యం బండి ఎవరిదో చెప్పారంటే మీకు ఇంకో ఇంట్లో ఇంకో లెక్కల పుస్తకం దొరికినట్టే.

ప్రశ్న: మా అమ్మమ్మ నరసాపురంలో "దొరసానిగారి బోర్డింగు"లో పెరిగిందని అమ్మ చెప్పేది. 1920 ప్రాంతం అయ్యుంటుంది. తల్లిదండ్రులెవరో, ఏ ఊరో మాకు తెలీదు. తెలుసుకునే దారి ఉందా? – ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: ఉందమ్మా, కష్టమే గానీ ఉంది. ముందు అది ఏ మిషనో తేల్చుకోవాలి, ఎందుకంటే మన జిల్లాలని మిషన్లు పంచుకున్నట్టే పనిచేశాయి. నరసాపురం, పాలకొల్లు వైపు బ్రదరన్ వాళ్ళది, 1836లో బౌడెన్ గారూ బీర్ గారూ ఇంగ్లండు నుంచి వచ్చి మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషన్. కాకినాడ, సామర్లకోట, పిఠాపురం, రామచంద్రపురం, ఆకివీడు ఇవి కెనడియన్ బాప్టిస్టులవి, 1874లో కాకినాడ వచ్చారు. రాజమండ్రి, భీమవరం లూథరన్ వాళ్ళవి. ఇవి కాక ఆర్సీఎం, అంటే రోమన్ క్యాథలిక్ మిషన్. అమ్మమ్మగారు పెళ్ళయ్యాక ఏ సంఘానికి వెళ్ళేవారో, ఆవిడ అంత్యక్రియలు ఏ పాస్టరుగారు చేశారో ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, సగం జవాబు అక్కడే వస్తుంది.

ఇది ఎందుకు ముఖ్యమంటే రిజిస్టర్లో ఏముంటుందన్నది దాన్ని బట్టే ఉంటుంది. లూథరన్, ఆర్సీఎం వాళ్ళు పసిపిల్లలకి బాప్తిస్మం ఇస్తారు కాబట్టి పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు రాసుండే అవకాశం ఉంది. బ్రదరన్, బాప్టిస్టు వాళ్ళు పెద్దయ్యాకే ఇస్తారు, కాబట్టి వాళ్ళ రిజిస్టర్లో పదిహేనేళ్ళో ఇరవయ్యేళ్ళో వచ్చాక తేదీ ఉంటుంది, అమ్మానాన్నల పేర్లు ఉండకపోవచ్చు. బాప్తిస్మం దగ్గర పేరు మార్చుకునే అలవాటు కూడా ఉంది కాబట్టి మీకు తెలిసిన పేరుతో బోర్డింగులో చేరి ఉండకపోవచ్చు. ఆ రోజుల్లో విదేశాల్లో ఎవరో ఒక పిల్ల ఖర్చు భరిస్తే వాళ్ళు చెప్పిన పేరే ఆ పిల్లకి పెట్టడం కూడా మిషన్లలో జరిగేది. అందుకే పేరు ఒక్కటే పట్టుకుని వెతకొద్దమ్మా, ఊరు, ఏడాది, వయసు, పక్కన ఉన్న స్నేహితురాళ్ళ పేర్లు అన్నీ కలిపి చూడాలి.

ఇంకో మాట, ఇది మనసులో పెట్టుకోండి. బోర్డింగులో పెరిగింది కాబట్టి అమ్మానాన్నలు చనిపోయారనే అనుకోవద్దు. తల్లి పురిట్లో పోయి తండ్రి కూలిపని చేసుకుంటూ బిడ్డని సాకలేక అప్పజెప్పిన కేసులు చాలా. చదువు కోసం ఇచ్చినవాళ్ళున్నారు. కుష్ఠు వచ్చిన తల్లిదండ్రుల దగ్గర నుంచి పిల్లల్ని విడిగా తీసి పెంచేవారు ఆ కాలం మిషన్లలో, రామచంద్రపురంలో కెనడియన్ మిషన్ నడిపిన కుష్ఠు ఆసుపత్రి పెద్దది. కాబట్టి మీ అమ్మమ్మగారికి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఏదో లంకలో బతికే ఉండి, వాళ్ళ మనవలు ఇప్పుడు ఈ పత్రిక చదువుతూ ఉండొచ్చు కూడా.

నాకైతే అన్నిటికంటే నమ్మకమైన కాగితం స్కూల్ అడ్మిషన్ రిజిస్టరే. డెల్టాలో ఒక పాత ఎయిడెడ్ స్కూల్లో హెడ్‌మాస్టరుగారి గదిలో అలాంటిది ఒకటి చూశాను, అట్ట ఊడిపోయింది, లోపల పేజీలు మాత్రం బాగున్నాయి, నల్లసిరా కాస్త గోధుమరంగుకి తిరిగింది. వరస నంబరు, పేరు, పుట్టిన తేదీ, తండ్రి లేక సంరక్షకుడు, కులం, ఇంతకుముందు చదివిన బడి, మశూచి టీకా వేయించారా లేదా, ఒంటి మీద మచ్చలు. సంరక్షకుడి గడిలో మిగతా పిల్లలకి రకరకాల పేర్లు, ఒక పదిహేను మంది దగ్గర మాత్రం ఒకటే పేరు, ఒకటే సంతకం, అది బోర్డింగ్ చూసే ఆవిడది. ఆ పిల్లలందరికీ పుట్టినరోజు జూలై 1 అని రాసుంది. ఎవరికీ తెలీదు కాబట్టి బడి తెరిచిన రోజులకి దగ్గరగా ఒక తేదీ వేసేశారు. అయితే మచ్చల గడిలో మాత్రం అబద్ధం లేదు, "ఎడమ మోచేతి కింద కాలిన మచ్చ" అని ఒక పిల్ల దగ్గర ఎంతో శ్రద్ధగా రాశారు. మీ అమ్మమ్మగారికి ఒంటి మీద మచ్చ ఏదైనా ఉండేదని అమ్మకి గుర్తుందేమో అడగండి, పేరు మారినా, తేదీ ఊహించి రాసినా మనిషిని పట్టించేది అదే.

విదేశాల్లో ఉన్న కాగితాలకి మెయిల్ పెట్టండి, వాళ్ళు జవాబిస్తారు. బ్రదరన్ మిషనరీల కాగితాలు ఇంగ్లండులో మాంచెస్టర్ యూనివర్సిటీ జాన్ రైలాండ్స్ లైబ్రరీలో ఉన్నాయి, బ్రదరన్ సంఘాల కోసం ప్రత్యేకంగా ఒక ఆర్కైవ్ అక్కడ ఉంది. కెనడియన్ బాప్టిస్టులవి హామిల్టన్‌లో మెక్‌మాస్టర్ డివినిటీ కాలేజీలో. ఆర్సీఎం అయితే ఏలూరు డయోసిస్ 1976లోనే ఏర్పడింది, అంతకుముందు ఆ ప్రాంతం విజయవాడ కింద ఉండేది, కాబట్టి రెండుచోట్లా అడగాలి. మెయిల్లో "మా అమ్మమ్మ వివరాలు పంపండి" అని రాస్తే వాళ్ళేం చెయ్యలేరు. నరసాపురం మిషన్ స్టేషన్, 1915 నుంచి 1930 మధ్య, ఆడపిల్లల బోర్డింగుకి సంబంధించిన రిపోర్టులు, ఉత్తరాలు, ఫొటోలు ఏమున్నాయి అని అడగండి. ఫొటోల వెనక పేర్లు రాసే అలవాటు మిషనరీలకి ఉండేది.

ప్రశ్న: పాత సెన్సస్‌లో అనాథాశ్రమంలో ఉన్న పిల్లల పేర్లు దొరుకుతాయా? ఇంగ్లండులో దొరుకుతాయంటున్నారు. – రావులపాలెం

జవాబు: మనకి దొరకవండి. 1871 నుంచీ పదేళ్ళకోసారి లెక్క తీశారు గానీ ఇంటింటికీ రాసిన కాగితాలు మన దగ్గర దాచలేదు, మొత్తాల పట్టికలే మిగిలాయి. దీని మీద టైం పెట్టకండి.

ప్రశ్న: నేను తణుకు దగ్గర ఒక హోమ్‌లో పెరిగానండి, టెన్త్ అయ్యేదాకా, 1980ల్లో. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. ఆ హోమ్ మూసేశారు. నన్ను ఎవరు చేర్చారో తెలుసుకోవాలని ఉంది. ఒకసారి ఒక ఆఫీసుకి వెళ్తే "ఇప్పుడెందుకండీ అవన్నీ" అన్నారు. – పేరు వద్దు

జవాబు: తమ్ముడూ, ఆ మాట అన్నవాళ్ళకి వాళ్ళమ్మ పేరు తెలుసు కాబట్టి అనగలిగారు. మీరు అడుగుతున్నది ఎవరి దయా కాదు, మీ సంగతి మీకు చెప్పమని అడుగుతున్నారు. అనాథాశ్రమాల రికార్డుల మీద మొదటి హక్కు అందులో పెరిగినవాళ్ళదే, మాలాంటి చరిత్ర రాసేవాళ్ళది ఆ తర్వాతే. ఇది నేను ఎక్కడైనా ఎవరితోనైనా గట్టిగా చెప్తాను.

హోమ్ మూసేసినా సొసైటీ ఉంటుంది, దాని సెక్రటరీనో కమిటీలో పనిచేసినవాళ్ళనో పట్టుకోవాలి. హోమ్ మూసినప్పుడు మిగిలిన పిల్లల్ని ఎక్కడికి మార్చారో కనుక్కోండి, పిల్లలతో పాటు రిజిస్టర్లు కూడా అక్కడికే వెళ్ళుండొచ్చు. ఇప్పుడు పిల్లల సంస్థల్ని చూసేది జిల్లా బాలల సంరక్షణ యూనిట్, స్త్రీ శిశు సంక్షేమ శాఖ కింద ఉంటుంది, బాలల సంక్షేమ సమితి కూడా ఉంటుంది. మీది పాత కాలం కాబట్టి వాళ్ళ దగ్గర నేరుగా ఉండకపోయినా, పాత గ్రాంటు ఫైళ్ళు, తనిఖీ రిపోర్టులు ఆ శాఖ దగ్గరో సాంఘిక సంక్షేమ శాఖ దగ్గరో ఉండాలి. నోటితో అడిగితే పొమ్మంటారు, సమాచార హక్కు చట్టం కింద రాసివ్వండి. మన రాష్ట్రంలో జిల్లా ఆఫీసుకి 10 రూపాయల ఫీజు, మండల ఆఫీసుకి 5, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే అదే శాఖలో పై అధికారికి అప్పీలు, అదీ కాకపోతే సమాచార కమిషన్. అప్లికేషన్‌లో "నా సొంత వివరాలు అడుగుతున్నాను" అని స్పష్టంగా రాయండి, ఆధార్ కాపీ, టెన్త్ సర్టిఫికెట్ కాపీ జతచెయ్యండి, లేకపోతే వేరేవాళ్ళ వ్యక్తిగత సమాచారం ఇవ్వం అని తిప్పి పంపుతారు.

మీరు చదివిన బడికి వెళ్ళండి. ప్రభుత్వ బడైనా ఎయిడెడ్ బడైనా అడ్మిషన్ రిజిస్టర్ పారెయ్యరు, ఒకటో క్లాసులో చేరినప్పుడు తీసుకొచ్చినవాళ్ళ సంతకం అందులో ఉంటుంది. ఒక్కోసారి అది హోమ్ వాళ్ళది కాకుండా మేనమామదో, ఊరి పెద్దదో అయ్యుంటుంది. మీతో పాటు పెరిగినవాళ్ళతో ఫోన్లో టచ్‌లో ఉంటే వాళ్ళు గుర్తుపెట్టుకున్నవి అన్నీ ఒక పుస్తకంలో రాసుకోండి, మీకంటే నాలుగేళ్ళు పెద్దవాళ్ళకి మీరు వచ్చిన రోజు గుర్తుంటుంది, ఎవరు దింపి వెళ్ళారో, ఏ బట్టల్లో వచ్చారో.

మీరు పెరిగింది హోమ్‌లోనే కాబట్టి దత్తత రూల్స్ మీకు వర్తించవు. దత్తత వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళ దారి వేరు. కేంద్ర దత్తత సంస్థ కారా నిబంధనల్లో మూలాలు వెతుక్కునే అవకాశం ఉంది, 18 ఏళ్ళు దాటితే సొంతంగా అడగొచ్చు, మన తరఫున ఇంకెవరో మూడో మనిషి వెతకడం మాత్రం కుదరదు, కన్నవాళ్ళ గోప్యత కూడా చూస్తారు.

ఒక్కటి చెప్పాలి తమ్ముడూ. దొరికేది మీరు అనుకున్నది కాకపోవచ్చు. ఫైల్లో మీ గురించి రెండే రెండు వాక్యాలు, అవి కూడా మనసు నొచ్చుకునేలా రాసుండొచ్చు, ఆ రోజుల్లో గుమస్తాలు అలాగే రాసేవారు. చూడ్డానికి వెళ్ళేటప్పుడు మీ ఇంటావిణ్ణో, అక్కడ మీతో పెరిగిన స్నేహితుణ్ణో తోడు తీసుకెళ్ళండి, ఒక్కరే వెళ్ళొద్దు.

ప్రశ్న: మా తాతగారు యానాంలో సిస్టర్ల దగ్గర పెరిగారట. అక్కడికీ ఇవే రూల్సా? – తాళ్ళరేవు

జవాబు: యానాం వేరండి. 1954 దాకా ఫ్రెంచివాళ్ళది కాబట్టి పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు ఫ్రెంచి పద్ధతిలో ఫ్రెంచిలోనే రాశారు, ఫ్రాన్సులో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లో విదేశీ ప్రాంతాల ఆర్కైవ్స్ ఉంది, యానాం పాత రిజిస్టర్ల స్కాన్లు వాళ్ళ వెబ్‌సైట్లో చూడొచ్చు. పేరు ఫ్రెంచి స్పెల్లింగ్‌లో ఎలా రాస్తారో నాలుగైదు రకాలుగా ఊహించుకుని వెతకండి. సిస్టర్లు అంటే సెయింట్ జోసెఫ్ ఆఫ్ అన్నెసీ వాళ్ళు అయ్యుండొచ్చు, వాళ్ళు 1849లో మన దేశంలో మొదట దిగింది యానాంలోనే. ఇప్పటి ఆఫీసులకి ఆర్టీఐ పెట్టాలంటే పుదుచ్చేరి ప్రభుత్వానికి పెట్టాలి, మన రాష్ట్రానికి కాదు.

ప్రశ్న: రాజమండ్రిలో పాత పేపర్ల కొట్లో ఒక రిజిస్టర్ దొరికింది. ఏదో అనాథాశ్రమంది, 1950లు, 60లు. పిల్లల పేర్లు, ఎవరు తెచ్చి ఇచ్చారు, ఎందుకిచ్చారు అన్నీ ఉన్నాయి. కొనేశాను. పేజీలు ఫొటోలు తీసి ఫేస్‌బుక్‌లో పెడితే వాళ్ళ వాళ్ళు చూసుకుంటారు కదా? – ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: కొన్నందుకు మీకు దణ్ణం పెట్టాలండి, లేకపోతే అది ఈపాటికి పకోడీ పొట్లాలైపోయేది. కానీ ఫేస్‌బుక్‌లో మాత్రం పెట్టొద్దు. మీ ఉద్దేశం మంచిదే, అందులో ఉన్న పిల్లలకి ఇప్పుడు అరవై, డెబ్భై ఏళ్ళుంటాయి, వాళ్ళ కోడళ్ళకీ అల్లుళ్ళకీ తెలీని సంగతులు అందులో ఉంటాయి. "పెళ్ళి కాని తల్లి", "జైల్లో ఉన్న తండ్రి" అని ఎవరో గుమస్తా రాసిన ముక్క ఊరందరి ఫోన్లలో తిరిగితే ఆ ఇంట్లో ఏమవుతుందో మనకి తెలీదు. ఇప్పటి పిల్లల విషయంలో అయితే చట్టమే ఒప్పుకోదు, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణలో ఉన్న పిల్లల్ని గుర్తుపట్టేలా ఏదీ బయటపెట్టకూడదు. పెద్దవాళ్ళైపోయినవాళ్ళ విషయంలో కూడా అదే మర్యాద పాటించాలని నేనంటాను. చరిత్ర రాసే లెక్చరర్ గారు అడిగినా సరే, సంస్థ ఎలా నడిచింది, ఏ ఏడాది ఎంతమంది, ఏ ఊళ్ళ నుంచి వచ్చారు ఇవి రాసుకోవచ్చు, పిల్లల పేర్లు అచ్చులోకి రాకూడదు.

ముందు ఆ పుస్తకాన్ని కాపాడండి. తడిగా ఉంటే ఎండలో పెట్టొద్దు, నీడలో గాలి తగిలేలా ఆరనివ్వండి, పేజీలు అతుక్కుపోతే గోరుతో విడదియ్యొద్దు. చిరిగినచోట సెలోటేపు అంటించకండి, లామినేషన్ అసలు వద్దు. అట్ట దగ్గర నుంచి చివరి దాకా, ఖాళీ పేజీలతో సహా, వరసగా ఫొటోలు తీసి రెండు చోట్ల దాచండి, ఉతికిన నూలుగుడ్డలో చుట్టి నేలకి ఎత్తుగా, గోడకి తగలకుండా పెట్టండి, మన గోదావరి గాలిలో చెమ్మ ఎక్కువ కదా. ఏ కొట్లో ఏ రోజు కొన్నారో ఒక చీటీ రాసి లోపల పెట్టండి. ఆ కొట్టతన్ని మళ్ళీ ఒకసారి అడగండి, అలాంటివి ఒక్కటే రావు, ఏ ఇంటి నుంచి తూకానికి వచ్చిందో చెప్తే మిగతావి అక్కడుండొచ్చు.

ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తుంటే, దాచుకోగలరన్న నమ్మకం కుదిరితే రశీదు తీసుకుని వాళ్ళకివ్వండి. లేకపోతే రాష్ట్ర ఆర్కైవ్స్ వాళ్ళకి ఉత్తరం రాయండి. ఈలోగా ఫేస్‌బుక్‌లో పెట్టాలనుకుంటే సంస్థ పేరు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా రిజిస్టర్ ఉందో అంతవరకే పెట్టండి, లోపలి పేజీ ఒక్కటి కూడా వద్దు. అక్కడ పెరిగినవాళ్ళు ఎవరైనా ఫోన్ చేస్తే పుట్టిన ఏడాది, చదివిన బడి అడిగి సరిచూసుకుని, వాళ్ళ పేజీ మాత్రం ఫొటో తీసి వాళ్ళకే పంపించండి, పైనా కిందా ఉన్న ఇతరుల పేర్లు కాగితంతో కప్పి.